రెండో కప్లర్

అక్క బండి హెడ్‌లైటు కింద పచ్చ మూతతో ఒక చిన్న సాకెట్టు కనిపించింది తిమోతికి. కిందటి నెల వచ్చినప్పుడు అది లేదు. ఆదివారం చర్చి అయ్యాక నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు వచ్చి, అక్క చేతి కూరతో కడుపునిండా తిని, చెయ్యి కడుక్కోవడానికి వాకిట్లోకి వచ్చిన మనిషి తడి చేత్తోనే ఆ మూత తెరిచి చూశాడు. ఫోనుకు ఛార్జింగ్ పెట్టుకునే సాకెట్టు.

"ఇది ఎవురు పెట్టినారక్కా?"

"సాజిద్ పెట్టినాడు రా, నా టాబ్‌కు," అంది లూదియా లోపల గిన్నెలు సర్దుకుంటూనే.

ఎంత మామూలుగా అందో! పాలవాడు పాలు పోసి పోయాడన్నంత మామూలుగా. తిమోతికి మాత్రం తిన్న కూర గొంతులోకి ఎగదన్నుకొచ్చింది.

ఎందుకు రాదు మరి? తిమోతి ఎవరనుకున్నారు? నంద్యాలలో టూవీలర్ వైరింగ్ అంటే ముందు వినబడేది ఆయన పేరే. ఇంజను పని ముట్టడు, పంక్చరు వెయ్యడు, వైరింగ్ ఒక్కటే. గడివేముల నుంచి ట్రాలీ ఆటోలో వేసుకొచ్చి మరీ ఆయన షాపు ముందు బండ్లు దింపిపోతారు. ఎవరికీ దొరకని షార్టు ఆయనకు దొరుకుతుందని పేరు. ఆ పేరు గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవాడు కూడా తిమోతే. అటువంటి తమ్ముడు నలభై కిలోమీటర్ల దూరంలో ఉండగా, సొంత అక్క తన బండి హెడ్‌లైటు విప్పడానికి ఆళ్ళగడ్డ బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఉండే సాజిద్‌ను పిలుచుకుంది.

అందులోనూ ఏ బండి అది? తిమోతికి ఆరేళ్ళప్పుడు అమ్మ పోయింది. పద్దెనిమిదేళ్ళ లూదియా వాణ్ణి చంకనేసుకుని నర్సు ట్రైనింగుకు పోయింది, పెళ్ళయ్యాక కూడా వెంటబెట్టుకుని మొగుడింటికి వచ్చింది. బావ జయరాజు టీచరు ఉద్యోగం వచ్చిన కొత్తలో, రెండువేల మూడులో, కొన్న కిక్కు మోడల్ బండి అది. పదిహేనేళ్ళ తిమోతి పని నేర్చుకున్నది దాని మీదే. ఇండికేటర్ వెలగకపోతే వెలిగించాడు, వెలుగుతుంటే విప్పి చెడగొట్టి మళ్ళీ వెలిగించాడు. తర్వాత జయరాజు చాగలమర్రి బడికి బస్సులో పోవడం మొదలుపెట్టాడు. బండి ఎక్కితే ఆయనకు గేర్ల కంటే దేవుడే ఎక్కువ గుర్తొచ్చేవాడు. అప్పుడు లూదియా నలభై ఏళ్ళ వయసులో ఆ బండి తోలడం నేర్చుకుంది. పల్లెల్లో టీకాలు వేసి, పిల్లల వివరాలు టాబ్‌లో ఎక్కించే ఏఎన్ఎం ఉద్యోగం ఆమెది. టీకాల డబ్బా వెనక కట్టుకుని, కొంగు నడుముకు బిగించి, కిక్కు కొట్టి పల్లెలకు పోతుంటే మొదట్లో జనం నిలబడి చూసేవాళ్ళు. ఇప్పుడు ఆ బండి శబ్దం వింటే పిల్లలు ఇళ్ళలో దాక్కుంటారు.

"ఏ వైరుకు కలిపినాడో ఏమో, చూస్తా ఉండు," అని స్క్రూడ్రైవర్ తెచ్చుకున్నాడు తిమోతి.

"బాగానే ఉండాది లే రా, కూర్చో."

కూర్చుంటాడా? హెడ్‌లైటు విప్పాడు. దాని వెనక గుండ్రటి డొప్పలో వైర్లన్నీ కుక్కి ఉంటాయి. ఒక వైరు కొసను ఇంకో వైరు కొసకు బిగించే ప్లాస్టిక్ గూళ్ళుంటాయి, వాటిని మెకానిక్కులు కప్లర్లు అంటారు. అందులో రెండు కప్లర్లు దేనికీ తగలకుండా ఊరికే వేలాడుతుండేవి. కంపెనీ వాళ్ళు కిక్కు మోడల్‌కూ, సెల్ఫ్ మోడల్‌కూ ఒకటే వైరింగ్ సెట్ వేసి, కిక్కు బండిలో అక్కర లేనివాటిని అట్లాగే వదిలేశారు. పాత బండ్లలో ఇది మామూలే. ఇరవై రెండేళ్ళలో ఆ రెండింటినీ తిమోతి ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. చూసిన ప్రతిసారీ వేస్టువని వేలితో వెనక్కి తోసేసేవాడు.

సాజిద్ తోసెయ్యలేదు. రెండింట్లో ఒకదానికి సరిగ్గా జత కుదిరే కప్లర్ ఎక్కడో పాత బండి సెట్టులోంచి వెతికి తెచ్చాడు. పిన్నులు తళతళలాడేట్టు తుడిచాడు. దాన్నుంచి సాకెట్టుకు వైరు లాగి, హ్యాండిల్ తిప్పినప్పుడు ఒరుసుకోకుండా కట్టు కట్టాడు. ఒక్క పాత వైరు కొయ్యలేదు. ఎక్కడా టేపు చుట్టలేదు. సాకెట్టు వద్దనుకుంటే కప్లర్ లాగేస్తే చాలు, బండి కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంటుంది. తిమోతి తప్పు కోసం వెతికాడు. కళ్ళు చికిలించి వెతికాడు, లైటు వేసుకుని వెతికాడు. దొరకలేదు. దొరకనందుకు ఇంకా ఒళ్ళు మండింది.

"ఒక్క వైరు గూడా కోయలేదంట రా," అంటూ లూదియా కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "దానికి జత కోసం మూడు దినాలు పాత సామాన్లన్నీ దేవులాడినాడంట, పాపం."

ఆ 'పాపం' ఉంది చూశారూ, అది సూటిగా పోయి తిమోతి గుండెలో దిగింది. తాను రాత్రింబగళ్ళు షాపులో పడి చేస్తున్నప్పుడు అక్క ఏనాడైనా పాపం అందా? గుర్తులేదు.

"మూడు దినాలా! నాకు చెప్పింటే పది నిమిషాల పని."

"పది నిమిషాల్లో ఏం చేసేటోనివి?"

"బ్యాటరీ కాడ్నించి రెండు వైర్లు లాగి..."

"అదే వద్దన్న్యా. పాత బండి, యాడబడితే ఆడ కోస్తే రేపు ఇంకోటి చెడుతుందని సాజిద్ చెప్పినాడు."

"సాజిద్ చెప్పినాడా?"

"ఆ. నిదానం మనిషి. ఏందక్కా, ఏమక్కా అని వచ్చి రెండుసార్లు చూసిపోయినాడు గూడా."

అక్కా అంటాడట! తిమోతి హెడ్‌లైటు బిగించి నంద్యాల దారి పట్టాడు. శిరివెళ్ళ దాటేదాకా హెల్మెట్ లోపల సాజిద్‌తో కొట్లాడుతూనే ఉన్నాడు. గెలిచాడు కూడా.

ఇంటికి పోయి భార్య అక్షయ ముందు అంతా వెళ్ళగక్కాడు. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నది.

"మీ అక్క బండికి సాకెట్టు పెడితే నీకెందుకు కాలుతాంది?"

"నాకేం కాలడంల్యా. నేనుండగా ఇంకొకని దగ్గరికి ఏందీ అంటాండా."

"నువ్వు ఆ బండి మీద చెయ్యేసి ఎన్నేండ్లయింది? పోయినప్పుడల్లా అమ్మేయ్ అక్కా, స్కూటీ కొనుక్కో అని తప్ప ఇంకో మాట అన్న్యావా?"

భార్యలు ఇట్లాంటివి గుర్తుపెట్టుకోవడంలో దిట్టలు. తిమోతి నీళ్ళు పోసుకోవడానికి పోయాడు.

ఆ వారమంతా షాపుకు వచ్చిన ప్రతి పాత బండి హెడ్‌లైటూ విప్పాడు. బ్రేక్ లైటు కోసం వచ్చినవాడి బండి కూడా ముందు వైపు విప్పి, ఊరికే వేలాడుతున్న కప్లర్లు ఎన్నున్నాయో, ఏ రంగు వైర్లో చూసి మళ్ళీ మూసేవాడు. "అన్నా, నా బ్రేకు లైటు వెనకుంటాది," అన్నాడు గడివేముల నుంచి వచ్చిన పవన్ అనే కుర్రాడు. తిమోతి వాడి మీద కయ్యిమన్నాడు. అసలు విషయం ఆయనకు తెలుసు. ఆళ్ళగడ్డలో ఒకడు తన చెయ్యి కంటే మంచి పని చేశాడు, అదీ తన అక్క బండి మీద. ఆ సంగతి తెలిసిన ఇంకో మనిషి అక్క. ఆ పచ్చ మూత అక్క కళ్ళ ముందు నుంచి పోవాలి. బండికి ఏం కావాల్సి వచ్చినా అక్క నోట్లో ముందు తన పేరు రావాలి. ఆ తర్వాతే మిగతా లోకం.

మరుసటి ఆదివారం ప్రార్థన పూర్తికాక ముందే చర్చిలోంచి లేచి వచ్చేశాడు. జేబులో కొత్త సాకెట్టు. రెండు ఫోన్లు ఒకేసారి పెట్టుకోవచ్చు, నీలం లైటు వెలుగుతుంది, మూత ఉక్కులాగా మెరుస్తుంది.

"మళ్ళీ ఏందిరా?" అంది లూదియా.

"మంచిది తెచ్చినా. అది చీప్ రకం, వానలో ఆగదు."

"వానేది రా ఈడ?"

"వచ్చినప్పుడు తెలుస్తాది."

ఆమె తమ్ముడి ముఖం చూసింది. చిన్నప్పుడు బొమ్మ కోసం తిరునాళ్ళలో మట్టిలో పడి దొర్లిన ముఖమే అది. "సరే, నీ తృప్తి," అంది.

హెడ్‌లైటు విప్పాడు. సాజిద్ పెట్టిన కప్లర్ చేతికి తగిలింది. మామూలుగా అయితే ఏం చెయ్యాలి? కరెంటు ఉన్న లైను అక్కడ తయారుగా ఉంది, పాత సాకెట్టు తీసి కొత్తది తగిలిస్తే సరి. కానీ సాజిద్ కనిపెట్టిన కప్లర్‌కు తన సాకెట్టు తగిలించడమా? వాడు పరిచిన చాప మీద పోయి కూర్చోవడమా? తిమోతి దాన్ని పక్కకు నెట్టి, ఇంకోటి ఉంది కదా, ఆ రెండో కప్లర్‌ను బయటకు లాగాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. పాత బండ్లలో కరెంటు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి బ్యాటరీ నుంచి, తాళం తిప్పితే చాలు, ఇంజను ఆగి ఉన్నా వస్తుంది, నిలకడగా ఉంటుంది. రెండోది ఇంజను తిరిగినప్పుడు కాయిల్‌లోంచి పుట్టి నేరుగా హెడ్‌లైటుకు పోయేది. రేసు ఇస్తే ఎగురుతుంది, తగ్గిస్తే పడుతుంది. లైట్లకు అది సరిపోతుంది, ఫోన్లకూ టాబ్‌లకూ పనికిరాదు. ఏ కప్లర్ ఏ లైనుదో తెలియాలంటే ఇంజను ఆపి, తాళం మాత్రం తిప్పి, టెస్ట్ బల్బు పెట్టి చూడాలి. ఇది తిమోతి తన షాపులో పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ మొదటి రోజు చెప్పే పాఠం.

"ఎంతసేపు రా? సాజిద్ పది నిమిషాల్లో అయిపోజేసినాడు," అంది లూదియా గడపలో నిలబడి.

జత వెతకడానికి మూడు రోజులు పట్టిన సంగతి ఇప్పుడెక్కడికి పోయిందో! తిమోతి కిక్కు కొట్టి ఇంజను స్టార్ట్ చేశాడు, అక్క కళ్ళ ముందు బల్బు భగ్గుమని వెలగాలని. టెస్ట్ బల్బు రెండో కప్లర్‌కు పెట్టాడు. వెలిగింది. బల్బుకేం తెలుసు పాపం, ఏ దారిలో వచ్చినా వెలుగుతుంది. తిమోతి ఇంజను ఆపి చూడలేదు. వైరు లాగాడు, కట్టు కట్టాడు, సాకెట్టు బిగించాడు. నీలం లైటు వెలిగింది. టాబ్ తగిలిస్తే ఛార్జింగ్ గుర్తు కూడా వచ్చింది.

"ఎక్కుతాందక్కా!"

"ఎక్కుతాంది లే. ముందు గూడా ఎక్కుతాండె," అంది లూదియా.

పచ్చ మూత సాకెట్టును ఆమెకు ఇవ్వలేదు తిమోతి. పాత గుడ్డలో చుట్టి తన బండి డిక్కీలో పడేసుకున్నాడు.

ఆ తర్వాత రోజూ ఫోన్. సోమవారం, "ఎక్కుతాందా అక్కా?" అంటే "ఎక్కుతాంది రా," అంది. మంగళవారమూ అదే మాట. బుధవారం టీకాల రోజు కదా అని సాయంత్రం దాకా ఆగి చేశాడు. "ఎక్కుతాంది, పనిలో ఉండా," అని పెట్టేసింది. గురువారం ఆమె గొంతు కొంచెం బొంగురుపోయినట్టుంది. జలుబు అంది. తిమోతికి మాత్రం కడుపులో చల్లగా ఉంది. షాపులో వచ్చినవాడికల్లా పాత బండ్లలో వేస్టు కప్లర్లను ఎట్లా వాడుకోవచ్చో చెప్పసాగాడు, అదంతా తన బుర్రలోనే పుట్టినట్టు. చెప్పగా చెప్పగా ఆయనే నమ్మేశాడు.

రెండు వారాలు గడిచాయి. ఒక మంగళవారం మధ్యాహ్నం షాపు మూసి ఆళ్ళగడ్డ బయల్దేరాడు. అక్షయకు సామాను తేవాలని చెప్పాడు. ఆళ్ళగడ్డలో దొరికి నంద్యాలలో దొరకని సామాను ఏమిటో ఆమె అడగలేదు. అసలు సామాను సాజిద్ ముఖం. ఆ ముఖం చిన్నబోతే కళ్ళారా చూడాలి.

సాజిద్ షెడ్డు ముందు లూదియా బండి నీడలో నిలబెట్టి ఉంది. దాన్ని అక్కడ చూడగానే తిమోతి కడుపులో చల్లదనం కాస్తా ఆవిరైపోయింది. సాజిద్ ముప్పై దాటిన బక్క మనిషి. ముక్కు మీద కళ్ళద్దాలు, చొక్కా జేబులో ఊదారంగు గుడ్డ ముక్క. లేచి నిలబడి కుర్చీ తుడిచాడు.

"రాండన్నా, కూర్చోండి. టీ చెప్తా."

"మా అక్క బండి ఈడుందే?"

"మీటింగ్‌కు పోయిందన్నా. ఎండలో ఎందుకని ఈడ పెట్టిపోయింది."

అక్కడే బల్ల మీద శేషయ్య అనే పెద్దాయన కూర్చుని ఉన్నాడు. రాతి విగ్రహాలు చెక్కే మనిషి. జుట్టునిండా రాతి పొడి. ఆయన మోపెడ్ సాజిద్ ముందు విప్పి పడి ఉంది. పక్కన ఇంకో ఇద్దరు ముగ్గురు టీ తాగుతున్నారు. తిమోతికి కావాల్సిన సభ కుదిరింది.

"నేను పెట్టిన సాకెట్టు ఎట్ల పనిచేస్తాంది సాజిద్?"

సాజిద్ తల ఎత్తలేదు. "బాగా పనిచేస్తాందన్నా."

"నువ్వు పెట్టిన కప్లర్ కాదు, నేను వేరే దాంట్లోంచి తీసినా. చూసినావా?"

"చూసినా అన్నా."

ఒప్పుకున్నాడు! తిమోతి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. శేషయ్య వైపు తిరిగి, పాత బండ్లలో కంపెనీ వాళ్ళు వదిలేసిన కప్లర్లు ఏమిటో, వాటిని గుర్తుపట్టడానికి ఎంత అనుభవం కావాలో మొదలుపెట్టాడు. శేషయ్యకు వైర్లంటే ఏమీ తెలియదు గానీ చేతిపని ఏదైనా చూడాలంటే సరదా. "ఏదీ, చూపియ్యప్పా," అన్నాడు.

తిమోతి సాజిద్ స్క్రూడ్రైవరే తీసుకున్నాడు.

"ఎందుకన్నా ఇప్పుడు విప్పేది? దుమ్ము పడుతుంది," అన్నాడు సాజిద్ గబుక్కున లేచి.

కుళ్ళు! తిమోతికి ప్రాణం లేచి వచ్చింది. ఇన్నాళ్ళూ తన కడుపులో ఉన్నది ఇప్పుడు వాడి కడుపులోకి పోయిందన్నమాట. "పడనీ లే," అని రెండు స్క్రూలు తిప్పి హెడ్‌లైటు లాగాడు.

లోపల రెండో కప్లర్ ఖాళీగా వేలాడుతోంది. దాని ప్లాస్టిక్ ఒక పక్క గోధుమరంగుకు మాడి ఉంది, కొసకు జాగ్రత్తగా గొట్టం తొడిగి ఉంది. సాకెట్టు నుంచి వచ్చిన వైరు మొదటి కప్లర్‌లోకి పోతోంది. సాజిద్ కప్లర్‌లోకి. వైరు తాను వేసింది కాదు, కట్టు తాను కట్టింది కాదు. బయట నీలం లైటు సాకెట్టు మాత్రం తనది లాంటిదే. దగ్గరగా చూస్తే అదీ తనది కాదు. తనదానికి మూత అంచున చిన్న గీత ఉండేది, దీనికి లేదు. అచ్చు అటువంటిదే ఇంకోటి వెతికి తెచ్చి పెట్టారు, తిమోతి వచ్చి చూసినా తెలియకూడదని.

శేషయ్య కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూశాడు. "ఎంత నీటుగా చేసినావప్పా! ఒక్క వైరు తెగలేదు, ఒక్క అతుకు లేదు. నంద్యాల చెయ్యి అంటే ఇట్లుంటాది. సాజిదూ, చూసి నేర్చుకో."

"నేర్చుకుంటాండా పెద్దాయనా," అన్నాడు సాజిద్ మోపెడ్ చక్రం వైపు చూస్తూ.

తిమోతి జీవితంలో ఎన్నో పొగడ్తలు తీసుకున్నాడు గానీ ఇంత చేదుగా ఏదీ తగల్లేదు. ఆ పని తనదే అయితే ఎంత బాగుండు అని మనసారా అనుకున్నాడు, అది తనది కాదని తెలిసిన మరుక్షణంలోనే. హెడ్‌లైటు తిరిగి బిగిస్తుంటే స్క్రూ రెండుసార్లు కింద పడింది. రెండుసార్లూ సాజిదే ఏరి ఇచ్చాడు.

అప్పుడే లూదియా వచ్చింది. తమ్ముడి చేతిలో స్క్రూడ్రైవర్ చూసింది, ముఖం చూసింది, ఇంక అడగడానికి ఏమీ మిగల్లేదు. తిమోతి ఆమెను పాత టైర్ల కుప్ప దగ్గరికి తీసుకుపోయాడు.

"టాబ్ కాలిందా?"

"ఆ."

"ఎప్పుడు?"

"మొదటి బుధవారమే. పల్లెలో ముప్పై ఒక్కమంది పిల్లలకు సూదులేసినా. వచ్చేటప్పుడు రోడ్డు బాగుందని బేగా తోలినా. సంచిలోంచి వాసనొచ్చింది. తీసి చూస్తే అంతే."

"మరి ఆ పిల్లల పేర్లు?"

"కాగితాల మీదవి కొన్ని ఉండె. మిగిలినోళ్ళ ఇండ్లకు రెండు దినాలు తిరిగి మళ్ళీ రాసుకుంటి. పైనోళ్ళకు సంజాయిషీ రాసిచ్చినా. నిర్లక్ష్యం అన్నారు, పడినా."

తిమోతికి కాల్చినందుకు సిగ్గు ఉంది. కానీ ఆ సిగ్గు కంటే ముందు నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"నాకెందుకు ఫోన్ చేయలేదు? వానికెందుకు చేసినావ్?"

లూదియా సంచి ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంది.

"సాజిద్‌కు చెప్తే బండి బాగు చేస్తాడు. నీకు చెప్తే ముందు నిన్ను సముదాయించల్ల, ఆ తర్వాత బండి. నాకు యాడుంది రా అంత టైము?"

ఆమె కోపంగా అనలేదు. అదే బాధ. తిమోతికి కొట్టినట్టయింది. పదిహేను రోజులుగా తాను ఫోన్ చేసి ఎక్కుతాందా అంటే, ఎక్కుతాందని ఆమె చెప్పింది ఆరేళ్ళ పిల్లవాడికి చెప్పినట్టు. ఆమె బండి విషయంలో మొదట తన పేరు తలుచుకోవాలని కోరుకున్నాడు. తలుచుకుంది. తమ్ముడికి తెలియకుండా ఎట్లా చెయ్యాలని తలుచుకుంది. ఆ పనికి తోడు సాజిద్‌ను పెట్టుకుంది. వాళ్ళిద్దరూ కూర్చుని, తిమోతి బాధపడతాడు, ఏం చేద్దామని మాట్లాడుకుని ఉంటారు. అది తలుచుకుంటే అసూయకు కూడా ముఖం చెల్లడం లేదు.

తిమోతి తిరిగి షెడ్డు ముందుకు వచ్చాడు. టీ గ్లాసులు ఇంకా చేతుల్లోనే ఉన్నాయి.

"పెద్దాయనా," అన్నాడు శేషయ్యతో. "ఇందాక చూసింది నా పని కాదు. సాజిద్‌ది. నేను లైట్ల లైనులో పెట్టి అక్క టాబ్ కాల్చినా. ఇంజన్ ఆపి చూసింటే తెలుస్తాండె. చూడలేదు."

సాజిద్ చేతులు తుడుచుకుంటూ, "పోనీలే అన్నా. బల్బు పెడితే రెండూ ఒకటే మాదిరి వెలుగుతాయి కదా. నేను గూడా ముందు ఆ రెండో దాంట్లోనే పెట్టబోయినా," అన్నాడు.

అబద్ధం. మంచి మనసుతో చెప్పిన అబద్ధం. తిమోతికి ఆ మంచితనం మీద కూడా మండింది. ఇందులో కూడా వీడే ముందా?

"నువ్వు ఊరికే ఉండు సాజిద్. నువ్వయితే ఇంజన్ ఆపి చూసేటోనివి."

అప్పుడు మొదలుపెట్టింది లూదియా. వెనక నుంచి, నడి బజారులో, మీటింగ్ ఫైలు చంకలో పెట్టుకుని.

"చూడనికి నీకేమొచ్చింది రా రోగం? నంద్యాల అంతా నీ మాదిరి మొనగాడు లేడంటివే! ఒక తాళం తిప్పి చూసేదానికి చేతులు పడిపోయినాయా? ఇల్లిల్లూ తిరిగి మళ్ళీ రాసుకుంటి, తెలుసునా? ఆ కృష్ణమ్మ కోడలు, మళ్ళీ సూది ఏస్తావేమో పో అని తలుపు మూసింది నా ముఖాన. మీ బావ రెండు దినాలు హోటల్లో తిన్న్యాడు. నువ్వేమో దినామూ ఫోన్ చేసి ఎక్కుతాందా, ఎక్కుతాందా! నీ పొగరు ఎక్కింది రా, నెత్తికి!"

శేషయ్య టీ గ్లాసు కింద పెట్టేశాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగారు. సాజిద్ సందు చూసుకుని మోపెడ్ వెనక్కి పోయి కూర్చున్నాడు. తిమోతి తల దించుకుని నిలబడ్డాడు. ఎన్నాళ్ళయింది అక్క ఇట్లా తిట్టి! పెళ్ళయ్యాక ఒక్కసారి కూడా లేదు. పెద్దవాడివయ్యావని మర్యాద ఇచ్చింది, ఆ మర్యాదతోనే దూరం పెట్టింది. ఇప్పుడు ముప్పై ఏడేళ్ళ మనిషికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అందులో సగం హాయి. మిగతా సగం, సాజిద్ ముందా తిట్టేది అని.

ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. తర్వాత మామూలు గొంతుతో, "ఆ కాలినప్పటి నుంచి హెడ్‌లైటు మిణుకుమిణుకుమంటాంది. సాయంత్రం రావాలంటే భయమవుతాంది," అంది.

తిమోతి చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "లోపల పిన్ను మాడిందక్కా. ఆ లైనంతా చూసుకుంటా రావల్ల."

"రేపు బుధవారం. నేను పోయేలోపల వచ్చి చూడు."

"నేనా?"

"ఇంకెవురు, మీ బావనా? సాజిద్‌ను గూడా పక్కన ఉండమంటా. ఇద్దరూ చూడండి."

మోపెడ్ వెనక నుంచి "అట్లనేక్కా," అని సాజిద్ గొంతు వినిపించింది.

తిమోతి హెల్మెట్ చేతిలోకి తీసుకున్నాడు. బండి ఎక్కి, స్టార్ట్ చెయ్యబోయి ఆగాడు. అక్కను దగ్గరికి రమ్మని సైగ చేసి, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"అక్కా, వీడు షాపు ఎన్ని గంటలకు తీస్తాడు?"

"ఏడుకు. ఎందుకు?"

"అయితే నేను ఆరున్నరకే వస్తా," అన్నాడు తిమోతి.